సర్వర్‌లో పడే ఫైళ్లను డేటాబేస్‌లోకి ఆటోమేటిక్‌గా ఎక్కించడం: సగం ఎక్కినవి, రెండుసార్లు ఎక్కినవి, అసలు ఎక్కనివి

వానచినుకు · సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఒక చిక్కులో ఉన్నాను, మీ సలహా కావాలి.

మాకు 40 గోదాములు ఉన్నాయి. ఒక్కొక్కటి గంటకోసారి సరుకు రాకపోకల వివరాలతో ఒక సీఎస్‌వీ ఫైల్ (విలువలను కామాలతో వేరుచేసిన టెక్స్ట్ ఫైల్) తయారుచేసి, ఎస్‌ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) ద్వారా మా లినక్స్ సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. చిన్న ఫైల్ అయితే వంద వరుసలు, పెద్దదైతే రెండు లక్షల దాకా ఉంటాయి. వాటిని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్‌లోకి ఎక్కించాలి. మొన్నటిదాకా రోజూ పొద్దున్నే నేనే కూర్చుని చేత్తో ఎక్కించేదాన్ని. నెల కిందట ఒక షెల్ స్క్రిప్ట్ రాసి, చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. ఐదు నిమిషాలకోసారి అది లేచి, ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైల్‌నీ కాపీ కమాండ్‌తో టేబుల్‌లోకి ఎక్కించి, ఆ ఫైల్‌ను ‘అయిపోయినవి’ అనే ఫోల్డర్‌కి జరుపుతుంది.

నెలాఖరున లెక్కలు సరిచూస్తే మూడు రకాల తప్పులు బయటపడ్డాయి. కొన్ని ఫైళ్లు ‘అయిపోయినవి’లో ఉన్నాయి కానీ టేబుల్‌లో వాటి వరుస ఒక్కటీ లేదు. రెండు ఫైళ్లు సగమే ఎక్కాయి. వాటిలో ఒకదానికి 1,20,000 వరుసలుండాలి, టేబుల్‌లో 74,000 చిల్లర ఉన్నాయి. నాకు అర్థం కానిది ఏమిటంటే, అదే ఫైల్‌ను ఇప్పుడు తెరిచి చూస్తే పూర్తిగానే ఉంది! ఇంకో నాలుగు ఫైళ్లు రెండేసిసార్లు ఎక్కాయి.

ఈ అంకెలు చూసే మా కొనుగోళ్ల వాళ్లు ఆర్డర్లు పెడతారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత_కీబోర్డు · సోమవారం, ఉదయం 10:40

కంగారు పడకండి. ఇవి మూడు వేర్వేరు జబ్బులు, మూడింటికీ మందుంది. ముందు కొన్ని ప్రశ్నలు.

కాపీ కమాండ్ ఫెయిలైతే స్క్రిప్ట్ ఆగుతుందా, ఫైల్‌ను జరిపేసి ముందుకు పోతుందా? సగమే ఎక్కిన ఫైల్‌కి సంబంధించి టేబుల్‌లో చివరి వరుస ఎలా ఉంది? పెద్ద ఫైల్ ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?

వానచినుకు · సోమవారం, ఉదయం 11:25

ఫెయిలైతే జరపకూడదనే రాశాను. పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు పంపే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్ వెనక్కిచ్చే ఎగ్జిట్ కోడ్ సున్నా (అంటే తప్పేమీ లేదు) అయితేనే జరపాలి. కానీ అది ఎప్పుడూ సున్నాయే ఇస్తోంది. కమాండ్లన్నీ ఒక ఎస్‌క్యూఎల్ ఫైల్‌లో పెట్టి దాన్ని నడుపుతున్నాను.

సగం ఎక్కిన ఫైల్ చివరి వరుసలో రిమార్కుల కాలమ్ ‘పెట్టె దెబ్బతి’ దగ్గర ఆగిపోయింది.

పెద్ద ఫైల్ మామూలుగా నిమిషంలోపే ఎక్కుతుంది. రాత్రి బ్యాకప్ నడిచే సమయంలో మాత్రం ఏడెనిమిది నిమిషాలు పడుతుంది.

పాత_కీబోర్డు · సోమవారం, మధ్యాహ్నం 12:05

అయితే మూడూ తేలిపోయాయి.

మొదటిది, ‘అయిపోయింది’ కానీ టేబుల్‌లో లేనిది. పీఎస్‌క్యూఎల్‌కి కమాండ్ల ఫైల్ ఇస్తే, మధ్యలో ఒక కమాండ్ తప్పినా అది మిగతావాటికి వెళ్లిపోతుంది, చివర్లో సున్నాయే ఇస్తుంది. ఆన్ ఎర్రర్ స్టాప్ అనే వేరియబుల్‌ను సెట్ చేస్తే అక్కడే ఆగి 3 ఇస్తుంది. మీరు సరిగ్గానే ఆలోచించారు, సరిగ్గానే చెక్ పెట్టారు. ఆ చెక్‌కి నిజం చెప్పేవాళ్లు లేరు, అంతే.

రెండోది, సగం ఎక్కినది. గోదాము నుంచి ఫైల్ ఇంకా వస్తుండగానే మీ క్రాన్ లేచింది. అప్పటికి డిస్క్ మీద ఉన్నంత వరకే కాపీ చదివింది. సాధారణంగా వరుస మధ్యలో తెగితే కాలమ్‌లు తక్కువయ్యాయని ఎర్రర్ వచ్చి మొత్తం రద్దవుతుంది. కానీ మీ చివరి కాలమ్ రిమార్కులు, పైగా కొటేషన్ గుర్తులు లేని పొడుగాటి టెక్స్ట్. కోత సరిగ్గా అందులో పడితే ఆ వరుస కూడా చూడ్డానికి పూర్తి వరుసలాగే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌కి అనుమానం రాలేదు.

మరి ఫైల్ ఇప్పుడు పూర్తిగా ఎలా ఉంది అంటే, లినక్స్‌లో ఒక ప్రాసెస్ ఫైల్‌ను తెరిచి రాస్తుండగా మీరు దాన్ని అదే డిస్క్ విభాగంలో వేరే ఫోల్డర్‌కి జరిపితే మారేది పేరూ చోటూ మాత్రమే. లోపలి ఐనోడ్, అంటే డిస్క్ మీద ఆ ఫైల్‌కి ఉండే అసలు గుర్తింపు, అదే. రాసే ప్రాసెస్ తన దారిన తాను రాస్తూనే ఉంటుంది. మీరు జరిపాక కూడా మిగతా దాదాపు 46 వేల వరుసలు అందులోనే వచ్చి చేరాయి.

మూడోది, రెండుసార్లు ఎక్కినది. బ్యాకప్ వేళ లోడ్‌కి ఏడు నిమిషాలు పడుతోంది, ఐదో నిమిషంలో ఇంకో క్రాన్ లేస్తోంది. ఫైల్ ఇంకా అక్కడే ఉంది కాబట్టి అదీ ఎక్కిస్తోంది.

వానచినుకు · సోమవారం, మధ్యాహ్నం 12:20

ఐనోడ్ సంగతి చదివాక ప్రాణం లేచొచ్చింది. మూడు రోజులుగా ఆ ఫైల్‌నే తెరిచి చూస్తూ నా కళ్లనే నమ్మలేకపోయాను.

నిదానమే · సోమవారం, మధ్యాహ్నం 2:30

సగం ఫైల్ సమస్యకి సరైన వైద్యం పంపేవాళ్ల దగ్గర ఉంది. ఫైల్‌ను ముందు డాట్ పార్ట్ అనే తోకతో పంపమనండి. మొత్తం చేరాక అసలు పేరుకి మార్చమనండి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్చడం ఒక్క అడుగులో జరిగిపోతుంది, సగం పేరు మారడం అంటూ ఉండదు. మీ స్క్రిప్ట్ డాట్ సీఎస్‌వీతో ముగిసే పేర్లు మాత్రమే చూస్తే చాలు. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ వాడేవాళ్లకి ఇది ఉచితంగా వస్తుంది. అది మామూలుగా చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో రాసి, చివర్లో అసలు పేరు పెడుతుంది.

ఒక జాగ్రత్త. తాత్కాలిక ఫోల్డర్ ఒక డిస్క్ మీద, అసలు ఫోల్డర్ ఇంకో డిస్క్ మీద ఉంటే ‘జరపడం’ అంటే నిజానికి కాపీ చేసి పాతది చెరపడం. అప్పుడు సగం ఫైల్ కనిపించే ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది.

కొంతమంది పంపేవాళ్లు పేరు మార్చడం తమ సాఫ్ట్‌వేర్‌తో కాదంటారు. అలాంటివాళ్లని డేటా ఫైల్ తర్వాత అదే పేరుతో ఒక ఖాళీ డాట్ డన్ ఫైల్ పంపమనండి. అదీ కాదంటే, ఫైల్ చివరి వరుసలో ‘మొత్తం ఇన్ని వరుసలు’ అని రాయమనండి. ఈ చివరి వరుస పద్ధతి చాలా పాతది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. ఎందుకంటే ఫైల్ దారిలో తెగిందా, పంపేచోటే తప్పుగా తయారైందా అన్న రెండూ పట్టిస్తుంది.

తెరచాప · సోమవారం, మధ్యాహ్నం 3:10

ఇంత దేనికి, ఐనోటిఫై వాడండి. లినక్స్ కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ మూల భాగంలోనే, 2005 నుంచి ఉంది. ఫోల్డర్‌ను గమనిస్తూ ఉంటుంది, రాసేవాళ్లు ఫైల్‌ను మూయగానే ‘క్లోజ్ రైట్’ అని కబురు పంపుతుంది. అప్పుడే లోడ్ చేయండి. ఐదు నిమిషాలు ఆగే పని లేదు, సగం ఫైల్ అనే మాటా ఉండదు.

పాత_కీబోర్డు · సోమవారం, మధ్యాహ్నం 3:45

తెరచాప గారూ, ఐనోటిఫై మంచి సాధనమే. కానీ ‘మూసింది’ వేరు, ‘పూర్తయింది’ వేరు. నెట్‌వర్క్ తెగిపోయి ఎస్‌ఎఫ్‌టీపీ ప్రాసెస్ చచ్చిపోతే కెర్నల్ ఆ ఫైల్‌ను మూసేస్తుంది. అప్పుడూ మీకు క్లోజ్ రైట్ కబురే వస్తుంది. సగం ఫైల్‌ను ఇంకా వేగంగా ఎక్కించినట్టవుతుంది.

ఇంకో రెండు మాటలు. ఫోల్డర్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ గుండా పంచుకునే డిస్క్) మీద ఉండి వేరే మెషీన్ రాస్తుంటే ఈ కబుర్లు అసలు రావు. మీ ప్రోగ్రామ్ రీస్టార్ట్ అయ్యే రెండు నిమిషాల్లో వచ్చిన ఫైళ్లకి కబురు ఎప్పటికీ రాదు. కాబట్టి ఐనోటిఫై పెట్టినా, అప్పుడప్పుడూ ఫోల్డర్ మొత్తం చూసే పని ఎలాగూ ఉండాలి. గంటకోసారి వచ్చే ఫైళ్లకి ఆ చూసే పని ఒక్కటే సరిపోతుంది.

తెరచాప · సోమవారం, సాయంత్రం 4:00

కనెక్షన్ తెగినప్పుడు కూడా క్లోజ్ వస్తుందన్నది నేను ఆలోచించలేదు. మా దగ్గర కూడా ఇదే వాడుతున్నాం, రేపే చూస్తాను. మాట వెనక్కి తీసుకుంటున్నా.

లెక్కలపుస్తకం · సోమవారం, రాత్రి 9:15

ఆలస్యంగా చూశాను. పైన చెప్పినవన్నీ సరైనవే. కానీ వానచినుకు గారూ, అవన్నీ చేసినా ఒక ప్రశ్నకి జవాబు మిగిలే ఉంటుంది. ‘ఈ ఫైల్ ఎక్కిందా?’ అని ఎవరైనా అడిగితే మీరు ఎక్కడ చూస్తారు? ఇప్పుడైతే ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూస్తున్నారు. ఫోల్డర్ ఒక చోట, డేటా ఒక చోట. ఈ రెండూ ఏదో ఒక రోజు వేర్వేరు మాటలు చెబుతాయి. మీకు జరిగింది అదే.

జవాబు డేటాబేస్‌లోనే ఉండాలి. ఫైళ్ల చిట్టా అని ఒక టేబుల్ పెట్టండి. ఒక్కో ఫైల్‌కి ఒక్కో వరుస. ఏ గోదాము పంపింది, ఫైల్ పేరు, బైట్లలో సైజు, షా-256 హ్యాష్ (లోపలి సరుకును బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది), ఎన్ని వరుసలు ఉండాలి, ఎన్ని ఎక్కాయి, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, స్థితి ఏమిటి. దానికో నంబర్ ఇవ్వండి, లోడ్ నంబర్ అందాం. అసలు టేబుల్‌లో ప్రతి వరుస పక్కనా ఆ లోడ్ నంబర్ ఉండాలి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. చిట్టాలో వరుస రాయడం, స్టేజింగ్ టేబుల్‌లోకి (అసలు టేబుల్‌కి ముందు తాత్కాలికంగా దించుకునే టేబుల్) కాపీ, లెక్క సరిచూడటం, అసలు టేబుల్‌కి చేర్చడం, చిట్టాలో ‘పూర్తి’ అని రాయడం, ఇవన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. కమిట్ (ఖాయం) అయితే అన్నీ అవుతాయి, లేకపోతే ఏదీ కాదు. ఫైల్‌ను వేరే ఫోల్డర్‌కి జరపడం కమిట్ తర్వాతే.

కమిట్ అయింది, జరిపేలోపు కరెంటు పోయింది అనుకోండి. తర్వాతి రౌండ్‌లో స్క్రిప్ట్ మళ్లీ అదే ఫైల్‌ను చూస్తుంది. చిట్టాలో వెతుకుతుంది, ‘పూర్తి’ అని కనిపిస్తుంది, కాబట్టి ఎక్కించకుండా జరిపేసి ఊరుకుంటుంది. కమిట్‌కి ముందే కరెంటు పోతే చిట్టాలో ఏమీ ఉండదు, మొదటి నుంచీ ఎక్కిస్తుంది. ఎన్నిసార్లు పడిపోయి లేచినా ఫలితం ఒకటే. ఫెయిలైన ప్రయత్నాన్ని రాసుకోవాలంటే మాత్రం రోల్‌బ్యాక్ (రద్దు) అయ్యాక విడిగా ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో రాయండి, లేకపోతే ఆ రాత కూడా చెరిగిపోతుంది.

లోడ్ నంబర్ ఎందుకంటే, ఎప్పుడైనా ఒక ఫైల్ మొత్తం తప్పుడు అంకెలతో వచ్చిందని తెలిస్తే, ఆ నంబర్ ఉన్న వరుసలన్నీ ఒక్క డిలీట్‌తో తీసేసి మళ్లీ ఎక్కించవచ్చు. నాకు ఒకప్పుడు ఈ కాలమ్ లేక, తప్పుడు వరుసలేవో మంచి వరుసలేవో వేరుచేయడానికి వారం పట్టింది. అప్పటినుంచి లోడ్ నంబర్ లేని టేబుల్‌లోకి ఏదీ ఎక్కించను.

వానచినుకు · సోమవారం, రాత్రి 10:05

ఇది రెండుసార్లు చదివాను. ఒక సందేహం. హ్యాష్ మీద యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెడితే సరిపోతుందా? కొన్ని గోదాముల్లో రాత్రిపూట కదలిక ఉండదు. అప్పుడు హెడర్ వరుస ఒక్కటే ఉన్న ఫైల్ వస్తుంది. పది గోదాములు అలా పంపితే పది ఫైళ్ల హ్యాష్ ఒకటే కదా?

లెక్కలపుస్తకం · సోమవారం, రాత్రి 10:30

చాలా మంచి ప్రశ్న. అవును, ఒక్క హ్యాష్ మీదే పెడితే రెండో గోదాము ఖాళీ ఫైల్ నుంచే మీ లోడ్ తిరగబడుతుంది.

హ్యాష్ చెప్పేది లోపలి సరుకు గురించి మాత్రమే. ఫైల్ ఎవరిదో, ఏ గంటదో అది చెప్పదు. మీ ఫైల్ గుర్తింపు అంటే గోదాము కోడ్, తేదీ, గంట. ‘పూర్తి’ అయిన వరుసల వరకు యూనిక్ దాని మీద పెట్టండి. హ్యాష్‌ను పోల్చడానికి వాడండి. అదే గోదాము అదే గంట ఫైల్ మళ్లీ వస్తే, హ్యాష్ ఒకటే అయితే అది రెండోసారి పంపిన కాపీ, నిశ్శబ్దంగా పక్కన పెట్టండి. హ్యాష్ వేరైతే అది సవరించిన ఫైల్ కావచ్చు, పొరపాటూ కావచ్చు. దాన్ని స్క్రిప్ట్ తేల్చకూడదు. పక్కన పెట్టి మనిషికి కబురు పంపాలి. సవరించిన ఫైల్ వస్తే పాతదాన్ని తీసేయాలా, కలపాలా అన్నది గోదాము వాళ్లతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.

నిదానమే · మంగళవారం, ఉదయం 8:50

స్టేజింగ్ టేబుల్ గురించి కాస్త. దాని కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గానే పెట్టండి. తేదీ, అంకె, ఏదైనా సరే. కాపీ అన్నది అంతా లేదా ఏమీ లేదు అన్నట్టు పనిచేస్తుంది. రెండు లక్షల వరుసల్లో ఒక్క తేదీ తప్పుంటే మొత్తం రద్దు. టెక్స్ట్‌గా ఎక్కించుకుంటే తప్పున్న వరుసలేవో ఎస్‌క్యూఎల్‌తోనే వెతికి, ‘తిరస్కరించినవి’ టేబుల్‌లో కారణంతో సహా పెట్టవచ్చు. పోస్ట్‌గ్రెస్ 17లో కాపీకి తప్పు వరుసలు వదిలేసే ఆన్ ఎర్రర్ ఇగ్నోర్ అనే ఆప్షన్ వచ్చింది. కానీ అది విలువ ఆ కాలమ్ రకానికి మారనప్పుడే పనికొస్తుంది, కాలమ్‌లు తగ్గినా పెరిగినా ఎర్రరే. పైగా వదిలేసిన వరుసను గోదాముకి ఏమని చెబుతారు?

స్టేజింగ్‌ను అన్‌లాగ్డ్ టేబుల్‌గా (మార్పుల లాగ్ రాయని టేబుల్) పెడితే వేగంగా ఎక్కుతుంది. సర్వర్ క్రాష్ అయితే అది ఖాళీ అయిపోతుంది, కానీ అసలు ఫైల్ ఉంది కాబట్టి నష్టం లేదు.

తెరచాప · మంగళవారం, ఉదయం 9:20

దీనికి ఒప్పుకోను. పైథాన్‌లో పాండాస్ లైబ్రరీతో చదివితే రకాలు అదే కనిపెడుతుంది, నేరుగా టేబుల్‌లో రాయవచ్చు. రెండు టేబుళ్ల మోత ఎందుకు?

నిదానమే · మంగళవారం, ఉదయం 9:55

అది కనిపెట్టడమే నా భయం. సరుకు కోడ్ 00471 అయితే పాండాస్ దాన్ని అంకె అనుకుని 471 చేస్తుంది. మధ్యలో ఒక్క ఖాళీ ఉంటే కాలమ్ మొత్తం దశాంశం అయిపోయి 471.0 అవుతుంది. అన్నీ స్ట్రింగ్‌గా చదవమని చెప్పవచ్చు, అప్పుడు మళ్లీ టెక్స్ట్ స్టేజింగ్ దగ్గరికే వచ్చాం. 03/04 అన్న తేదీ మార్చ్ నాలుగా, ఏప్రిల్ మూడా అన్నది ఏ లైబ్రరీ కనిపెట్టలేదు. అది పంపేవాళ్లని అడిగి రాసుకోవాలి. వీలైతే ఏడాది-నెల-రోజు వరుసలో పంపమనాలి.

పైథాన్ వద్దనను. ఫైల్ వెతకడం, హ్యాష్, మెయిల్ పంపడం వంటివి షెల్ కన్నా పైథాన్‌లోనే శుభ్రంగా రాయవచ్చు. వరుసలు మోసే పని మాత్రం కాపీకి వదిలేయండి. ఒక్కో వరుసకి ఒక్కో ఇన్సర్ట్ కన్నా అది ఎంతో వేగం.

పాత_కీబోర్డు · మంగళవారం, ఉదయం 10:10

ఇంకొకటి కలుపుతున్నా, ఎందుకంటే దీనితో నేను బాగా దెబ్బ తిన్నాను. కాపీ కమాండ్ హెడర్‌లోని పేర్లను బట్టి కాలమ్‌లు కలపదు. వరుసక్రమం బట్టే కలుపుతుంది. పంపేవాళ్లు ఒకసారి ‘వచ్చినవి’, ‘వెళ్లినవి’ కాలమ్‌లను అటూ ఇటూ మార్చారు. రెండూ అంకెలే. ఎర్రర్ రాలేదు, లెక్కలు మాత్రం తలకిందులయ్యాయి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి హెడర్ మ్యాచ్ అనే ఆప్షన్ ఉంది. పేర్లు, వరుస తేడా ఉంటే అక్కడే ఆపేస్తుంది. తప్పకుండా పెట్టండి. ఫైల్ మొదట్లో కనిపించని బీఓఎం (ఎన్‌కోడింగ్ గుర్తు) బైట్లు మూడు ఉంటే మొదటి కాలమ్ పేరు కలవక ఇది ఆగుతుంది. ఆ బైట్లను ముందే తీసేయండి.

గడియారపు_ముల్లు · మంగళవారం, రాత్రి 7:30

నేను పోస్ట్‌గ్రెస్ మనిషిని కాదు, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండింటితో పని. ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చే మిగతావాళ్ల కోసం రాస్తున్నా.

మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా కమాండ్‌కి లోకల్ అనే మాట కలిపితే దాని స్వభావమే మారుతుంది. తప్పు విలువలు ఎర్రర్ కాకుండా వార్నింగ్ అయిపోతాయి, డూప్లికేట్ కీ ఉన్న వరుసలు వదిలేయబడతాయి. స్క్రిప్ట్ ‘విజయం’ అంటుంది. లోడ్ తర్వాత అదే కనెక్షన్‌లో షో వార్నింగ్స్ చూసి, ఒక్కటున్నా రోల్‌బ్యాక్ చేయండి. వెర్షన్ 8 నుంచి లోకల్ మామూలుగా ఆపేసి ఉంటుంది. లోకల్ లేకుండా సర్వర్ ఫైల్ చదవాలంటే సెక్యూర్ ఫైల్ ప్రివ్ అనే సెట్టింగ్ చూపించే ఫోల్డర్‌లోనే ఉండాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ ఇన్సర్ట్‌కి ఇచ్చే దారి మీ మెషీన్‌ది కాదు, డేటాబేస్ సర్వర్ కంటికి కనిపించే దారి. మ్యాక్స్ ఎర్రర్స్ మామూలు విలువ 10. అంటే పది తప్పు వరుసల దాకా ఊరుకుంటుంది. సున్నా పెట్టుకోండి. బ్యాచ్ సైజ్ ఇస్తే ఒక్కో బ్యాచ్ ఒక్కో ట్రాన్సాక్షన్ అవుతుంది, మధ్యలో ఆగితే ముందు బ్యాచ్‌లు ఉండిపోతాయి. కొటేషన్ గుర్తులున్న సీఎస్‌వీని సరిగా చదివే ఫార్మాట్ ఆప్షన్ 2017 వెర్షన్‌తో వచ్చింది, అంతకుముందు వాటితో చాలా తిప్పలు.

పలకబలపం · మంగళవారం, రాత్రి 8:15

ఒరాకిల్ వాళ్లకి ఒక్క మాట. టెక్స్ట్ కాలమ్‌కి వార్‌చార్2 100 అని రాస్తే మామూలుగా వంద బైట్లు, వంద అక్షరాలు కాదు. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు కోడ్ ఒక్కొక్కటి మూడు బైట్లు. గుణింతం గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. వంద బైట్లలో 33 కోడ్లే పడతాయి. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేసి బాగుందనుకుంటారు, తెలుగు పేరు రాగానే వరుస, తిరస్కరించినవి పడే బ్యాడ్ ఫైల్‌లోకి పోతుంది. కాలమ్ నిర్వచనంలో ‘చార్’ అని స్పష్టంగా రాయండి.

వానచినుకు · శుక్రవారం, ఉదయం 11:00

మూడు రోజులు కూర్చుని మళ్లీ మొదటి నుంచి రాశాను. చిట్టా టేబుల్, టెక్స్ట్ స్టేజింగ్, ఒకే ట్రాన్సాక్షన్, అన్నీ పెట్టాను. చేత్తో నడిపితే చక్కగా పనిచేస్తోంది. మధ్యలో కావాలనే ప్రాసెస్‌ను చంపి చూశాను, మళ్లీ నడిపితే సరిగ్గా ఒక్కసారే ఎక్కింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కానీ క్రాన్‌లో పెడితే ఏమీ జరగట్లేదు. లాగ్ ఫైల్ కూడా పుట్టట్లేదు. లాగ్ పేరులో ఆ రోజు తేదీ వచ్చేలా డేట్ కమాండ్‌ను క్రాన్ లైన్‌లోనే రాశాను.

పాత_కీబోర్డు · శుక్రవారం, ఉదయం 11:15

డేట్ కమాండ్‌లో శాతం గుర్తులున్నాయి కదా? క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ లైన్లు రాసే ఫైల్) శాతం గుర్తు అంటే కొత్త లైన్ అని అర్థం. మొదటి శాతం దగ్గరే మీ కమాండ్ తెగిపోతోంది. ప్రతి శాతం ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేదా తేదీ పనిని స్క్రిప్ట్ లోపలికి మార్చండి. రెండోదే మంచిది.

క్రాన్‌కి మీ లాగిన్‌లో ఉండే పాత్ సెట్టింగులు కూడా ఉండవు, కాబట్టి ప్రోగ్రాములకి పూర్తి దారులు ఇవ్వండి. ఒకదాని మీద ఒకటి లేవకుండా ఫ్లాక్ అనే తాళం కమాండ్‌తో నడపండి. ప్రాసెస్ ఎలా చచ్చినా కెర్నలే తాళం తీసేస్తుంది, అందుకే చేత్తో రాసుకునే లాక్ ఫైళ్ల కన్నా అది నయం.

వానచినుకు · శుక్రవారం, మధ్యాహ్నం 12:40

శాతం గుర్తే! పనిచేసింది. ఇప్పుడు ఇంకో మాట అడగాలి. స్క్రిప్ట్‌ను అన్ని హక్కులూ ఉండే డేటాబేస్ సూపర్‌యూజర్‌గా నడుపుతున్నాను. లేకపోతే కాపీ ఫైల్‌ను చదవనివ్వట్లేదు.

లెక్కలపుస్తకం · శుక్రవారం, మధ్యాహ్నం 1:10

అది ఈరోజే మార్చండి. మామూలు కాపీ ఫైల్‌ను చదివేది డేటాబేస్ సర్వర్ ప్రాసెస్. అందుకే ఆ అనుమతి సూపర్‌యూజర్‌కో, వెర్షన్ 11లో వచ్చిన సర్వర్ ఫైళ్లు చదివే రోల్‌కో మాత్రమే ఉంటుంది. మీకు రెండూ అక్కర్లేదు. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కాపీ ఉంది. దానిలో ఫైల్‌ను మీ యూజర్ చదివి, వరుసలను కనెక్షన్ గుండా పంపుతాడు. రేపు డేటాబేస్ వేరే మెషీన్‌కి మారినా స్క్రిప్ట్ మారక్కర్లేదు. ఈ పనికి విడిగా ఒక రోల్ పెట్టి, మీ నాలుగు టేబుళ్ల మీద కావలసిన హక్కులే ఇవ్వండి. పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లో రాయకండి. డాట్ పీజీపాస్ ఫైల్‌లో పెట్టి దాని అనుమతులు 0600 (ఓనర్‌కి మాత్రమే) చేయండి. అంతకన్నా వదులుగా ఉంటే పీఎస్‌క్యూఎల్ ఆ ఫైల్‌ను పట్టించుకోదు.

నిదానమే · శుక్రవారం, సాయంత్రం 5:20

అన్నీ బాగా జరుగుతున్నప్పుడే ఇంకో పని చేసి పెట్టుకోండి. మీ స్క్రిప్ట్ తప్పు జరిగితే మెయిల్ పంపుతుంది. ఫైలే రాకపోతే? ఫోల్డర్ ఖాళీగా ఉంటే దానికి చేసే పని లేదు, తప్పూ లేదు, మెయిలూ లేదు. మీ దగ్గర గోదాముల జాబితా ఉంది, గంటలు తెలుసు. కాబట్టి రావలసినవి ఏవో ముందే తెలుసు. రెండు గంటలు దాటినా చిట్టాలో కనిపించని గోదాము–గంట జంటలను వెతికే ఒక చిన్న క్వెరీ రాసి, దాన్ని విడిగా నడపండి. లోడ్ స్క్రిప్ట్ లోపలే పెట్టకండి, స్క్రిప్ట్ అసలు నడవకపోతే ఆ చెక్కూ నడవదు.

మట్టిబాట · శనివారం, ఉదయం 10:00

క్షమించండి, మధ్యలో దూరుతున్నాను. మాకు సీఎస్‌వీలు కాదు, స్కాన్ చేసిన రసీదుల పీడీఎఫ్‌లు. ఫైల్‌నే డేటాబేస్‌లో పెట్టాలా, దారి మాత్రం రాసుకోవాలా?

పాత_కీబోర్డు · శనివారం, ఉదయం 10:30

పెద్దవీ ఎక్కువ సంఖ్యలో ఉన్నవీ అయితే ఫైల్‌ను డిస్క్ మీదే ఉంచి, డేటాబేస్‌లో దారి, సైజు, హ్యాష్ పెట్టండి. బ్యాకప్ ఉబ్బిపోదు. చిన్నవై, వరుసతోపాటే పుట్టి వరుసతోపాటే పోవాల్సినవైతే లోపలే పెట్టవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో బైట్లను దాచే బైటా కాలమ్‌లో ఒక విలువకి పరిమితి 1 జీబీ, కానీ దాని దరిదాపులకి కూడా వెళ్లకండి. మీది వేరే విషయం కాబట్టి విడిగా చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తాను.

వానచినుకు · ఆదివారం, రాత్రి 9:40

ఇప్పుడు పాత నెల డేటా సంగతి. ఆ టేబుల్‌లో లోడ్ నంబర్ లేదు కాబట్టి ఏ వరుస ఏ ఫైల్‌దో తెలియదు. డూప్లికేట్లు తీసేద్దామంటే, నిజంగానే ఒకే సరుకు ఒకే నిమిషంలో రెండుసార్లు కదిలిన వరుసలు కూడా ఉన్నాయి. ఎలా వేరుచేయాలి?

లెక్కలపుస్తకం · ఆదివారం, రాత్రి 10:00

వేరుచేయకండి. పాత టేబుల్‌ను ముట్టుకోకండి. ‘అయిపోయినవి’ ఫోల్డర్‌లో నెల మొత్తం ఫైళ్లు ఉన్నాయి, ఐనోడ్ పుణ్యాన సగంలో జరిపినవి కూడా పూర్తిగానే ఉన్నాయి. కొత్త స్క్రిప్ట్‌తో వాటన్నిటినీ కొత్త టేబుల్‌లోకి మొదటి నుంచి ఎక్కించండి. గోదాము వారీగా, రోజు వారీగా రెండు టేబుళ్ల మొత్తాలు పోల్చండి. తేడా ఉన్న రోజుల్లో ఫైల్ తెరిచి చూడండి. అన్నీ తేలాక పేర్లు మార్చుకుంటే సరి.

వానచినుకు · బుధవారం, ఉదయం 9:30

ఎక్కించాను. 40 గోదాములు, 24 గంటలు, 30 రోజులు అంటే 28,800 ఫైళ్లు ఉండాలి. ఫోల్డర్‌లో ఉన్నవి 28,793. నిదానమే గారు చెప్పిన క్వెరీ ఆ ఏడూ ఏవో ఒక్క క్షణంలో చూపించింది.

ఐదు ఫైళ్లు అసలు రానేలేదు. ఆ రోజు ఆ గోదాములో నెట్‌వర్క్ పోయిందట, తర్వాత ఎవరూ పంపలేదు. నిన్న అడిగితే పంపారు, ఎక్కాయి. మిగతా రెండూ వచ్చాయి, కానీ తర్వాతి గంట ఫైల్ కూడా పొరపాటున అదే పేరుతో వచ్చి, నా పాత స్క్రిప్ట్ జరిపేటప్పుడు వాటి మీదే పడి చెరిపేసింది. వాటిని గోదాము వాళ్లు మళ్లీ తయారుచేసి ఇస్తామన్నారు. ఇప్పుడు జరిపేటప్పుడు పేరు చివర లోడ్ నంబర్ చేరుస్తున్నాను, ఒకదాని మీద ఒకటి పడే వీలు లేదు.

పంపేవాళ్లలో 37 గోదాములు డాట్ పార్ట్ పద్ధతికి మారాయి. మూడు చోట్ల సాఫ్ట్‌వేర్ పాతది, పేరు మార్చలేదు. వాళ్లు చివరి వరుసలో లెక్క రాస్తున్నారు. నిన్న రాత్రి వాటిలో ఒక ఫైల్‌కి లెక్క కుదరక స్క్రిప్ట్ దాన్ని ఎక్కించకుండా వదిలేసింది. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చూసేసరికి ఫైల్ పూర్తిగా వచ్చింది, ఎక్కింది. చిట్టాలో రెండు వరుసలూ పక్కపక్కనే ఉన్నాయి, ‘అసంపూర్తి’ అని ఒకటి, ‘పూర్తి’ అని ఒకటి.